మనవరాలి మొదటి ఫ్లూటు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రక్తపోటు గురించి డాక్టరుగారు, కమ్యూటేషన్ గురించి కోశాధికారిగారు మాట్లాడిన తరువాత, వేణువు గురించి చెప్పమని నన్ను నిలబెట్టారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ పగలు లెడ్జర్లు, సాయంత్రం పిల్లనగ్రోవి నా వ్యాపకమని మీకు తెలుసు. అందువల్లనే కాబోలు, ఈ మధ్య ముగ్గురు మిత్రులు ఒకే ప్రశ్న వేశారు. "అమెరికాలో మా మనవడు స్కూలు బ్యాండులో ఫ్లూటు తీసుకున్నాడట. వెళ్ళేటప్పుడు ఇక్కడినుంచి మంచి వేణువు పట్టుకెళ్ళమంటారా?"

పట్టుకెళ్ళండి. కాని అది బ్యాండుకు పనికిరాదు. శరభశాస్త్రిగారు కచేరీ వేదిక ఎక్కించిన వేణువు, మాలిగారు మనల్ని కన్నీళ్ళు పెట్టించిన వేణువు, వెదురుకు ఎనిమిది రంధ్రాలు పెట్టినది. రంధ్రాన్ని సగం మూసి, పావు మూసి గమకం పలికిస్తాం. ఒక్కొక్క శ్రుతికి ఒక్కొక్క వేణువు కావాలి. బ్యాండులో అలా కుదరదు. క్లారినెట్లు, ట్రంపెట్లు, సాక్సఫోన్లు అన్నీ కలిసి వాయించాలి. పిల్లలకు మొదట నేర్పే స్వరాల్లోనే బి ఫ్లాట్, ఈ ఫ్లాట్ వస్తాయి. వాటికోసం తయారైనది మీటల ఫ్లూటు. జర్మనీలో మ్యూనిక్ నగరవాసి థియోబాల్డ్ బోయెమ్ 1847లో దాన్ని ఇప్పటి రూపానికి తెచ్చాడు. ఆయన కంసాలి పని నేర్చిన వాద్యకారుడు. మీటల పొందిక చూస్తే ఆ కంసాలితనం కనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. 2019 సెప్టెంబరులో మేము న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. మనవరాలికి అప్పుడు పదేళ్ళు. అల్లుడుగారు కంప్యూటరులో చూసి, చాలా చవకలో, నీలం రంగు వేసిన ఫ్లూటు తెప్పించారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. మూడు వారాలు గడిచినా కింది స్థాయి స్వరాలు పలకలేదు. పిల్ల బలమంతా పెట్టి మీటలు నొక్కేది, వేళ్ళ కొసలు ఎర్రబడేవి. ఒకరోజు "తాతయ్యా, నాకు సంగీతం రాదు. మానేస్తానని మా టీచరుతో చెప్పేస్తాను" అంది. వాళ్ళమ్మ కూడా సరేలెమ్మంది.

నేను ఫ్లూటు తీసుకుని ఊదాను. యాభై ఏళ్ళుగా వెదురు ఊదుతున్న నాకూ అది పలకలేదు. మర్నాడు దాన్ని వాద్యాలు బాగుచేసే ఒకాయన దగ్గరకు పట్టుకెళ్ళాం. ఆయన గొట్టంలోకి సన్నని దీపం దించి మీటలు మూశాడు. రెండు చోట్ల మెత్తల పక్కనుంచి వెలుతురు బయటికి వచ్చింది. వెలుతురు వచ్చే చోట గాలి కూడా పోతుంది. మీటల లోహం మెత్తన, విడిభాగాలు దొరకవు, బాగుచేసినా నిలవదు అన్నాడు. పిల్ల ఆ దీపం వంక చూసి, "అయితే తప్పు నాది కాదా?" అంది. ఆ మాట నాకిప్పటికీ చెవిలో ఉంది.

అందుచేత మీరు డబ్బు పెట్టేముందు కొన్ని విషయాలు గమనించండి. మొదటి ఫ్లూటుకు మీటలు పూర్తిగా మూసి ఉన్నవి కావాలి. నడుమ చిల్లులున్నవి పెద్ద విద్యార్థులకు. లేతవేళ్ళు ఆ చిల్లుల్ని సరిగా కప్పలేవు. ఎడమచేతి ఉంగరపు వేలి మీట వరుసలోంచి కాస్త పక్కకు జరిగి ఉండాలి. దాన్ని ఆఫ్‌సెట్ జి అంటారు, చిన్నచేతికి సుఖం. చివరి ముక్క సి స్వరం వరకే ఉంటే చాలు. బి వరకు ఉన్నది పొడుగూ బరువూ ఎక్కువ. మామూలు ఫ్లూటు సుమారు 67 సెంటీమీటర్లు ఉంటుంది. చెయ్యి అందని పిల్లలకు తలభాగం వంపు తిరిగినది దొరుకుతుంది.

వెండి ఫ్లూటు కావాలా అని ఒక మిత్రుడు అడిగారు. అక్కర్లేదు. రాగి, నికెలు, తుత్తునాగం కలిపిన లోహం మీద వెండిపూత ఉన్నది చాలు. నికెలు పూత మాత్రం కొందరి చర్మానికి పడదు. యమహా, జుపిటర్, గెమైన్‌హార్ట్ వంటి పేరున్న కంపెనీలన్నీ విద్యార్థుల ఫ్లూట్లు చేస్తున్నాయి. వాటిలో వాడినదైనా సరే, మరమ్మతు చేయించినదైతే కొత్త చవకరకం కన్నా నయమని నా అభిప్రాయం. వాడినది కొనేటప్పుడు తెలిసినవారి చేత మీటలు తేలికగా ముట్టి కింది సి పలికించి చూడండి. గట్టిగా నొక్కితేనే పలికితే మెత్తలు పోయాయన్నమాట.

అక్కడ చాలామంది కొననే కొనరు. సంగీత దుకాణాలు నెలవారీ అద్దెకిస్తాయి. చాలా చోట్ల కట్టిన అద్దె ధరలో జమ చేస్తారు, మరమ్మతు కూడా వాళ్ళే చూస్తారు. మా మనవరాలికీ అలాగే తీసుకున్నాం. పిల్ల మనసు మారుతుందేమో తెలియని మొదటి సంవత్సరానికి ఇదే మేలు. మన కరువుభత్యం బకాయిలు వచ్చినా తొందరపడి చెక్కు రాయకండి. ముందు ఆ స్కూలు బ్యాండు టీచరును అడగమనండి.

ఇంటికి వచ్చాక తాత, అమ్మమ్మలు చేయగల పని ఒకటుంది. వాయించడం అయ్యాక ఫ్లూటును మూడు ముక్కలుగా విప్పి, శుభ్రం చేసే కడ్డీకి మెత్తటి గుడ్డ చుట్టి లోపలి తడి తుడిపించండి. తడి నిలిస్తే మెత్తలు త్వరగా చెడతాయి. ఆ కడ్డీ చివర ఒక గీత ఉంటుంది. తలభాగంలోకి దూర్చినప్పుడు ఆ గీత ఊదే రంధ్రం నడుమ కనిపించాలి. కనిపించకపోతే లోపలి బిరడా జరిగిందన్నమాట, దుకాణంవాడికి చూపించండి. మొదటి రోజుల్లో ఊదితే తల తిరుగుతుంది. కూర్చోబెట్టి, తలభాగం ఒక్కటే ఇచ్చి, పది నిమిషాలు చాలనండి.

వెదురు వేణువు కూడా తీసుకెళ్ళండి, నేనూ తీసుకెళ్ళాను. చలికాలంలో హీటరు గాలికి పగలకుండా కొంచెం నూనె రాసి గుడ్డలో చుట్టి ఉంచండి. మా మనవరాలు బ్యాండు పాఠం అయ్యాక అదీ అడిగి తీసుకునేది. టీ వచ్చినట్టుంది. మీటల ఫ్లూటు బొమ్మ ఒకటి నా సంచిలో ఉంది, చూడాలనుకునేవారు ఇటు రండి.