పెరట్ల మామిడి అల్లం, పంచాయతీల రిజిస్టరు
(నారాయణఖేడ్ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మామిడి అల్లం పేరుకే అల్లం, జాతి మాత్రం పసుపుది. విరిస్తే పచ్చి మామిడికాయ వాసన వస్తది. కన్నడపోళ్లు మనలెక్కనే మావిన శుంఠి అంటరు. మరాఠీవాళ్లు ఆంబే హళద్, అంటే మామిడి పసుపు అంటరు. ఈ ఒక్క ముచ్చటల వాళ్లదే సరైన పేరు.

ఇప్పుడు మనం పచ్చడికే వాడుతున్నం. మన పెద్దలు తిన్నది అరగకపోతే ఉప్పుతోని ముక్క నమలమనేటోళ్లు. బెణికినా, మూగదెబ్బ తగిలినా నూరి, వెచ్చజేసి పట్టు వేసేటోళ్లు. ఎముక విరిగిందని అనుమానముంటే మాత్రం పట్టుతోని ఆగొద్దు, దవాఖానకు పోవాలె.

1995ల అమెరికా, పసుపుతోని గాయం మాన్పుడు కొత్త విద్య అన్నట్టు పేటెంటు ఇచ్చింది. మన దేశ శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు, 1953 నాటి వైద్య పత్రిక వ్యాసం ముందల పెట్టి కొట్లాడితే 1997ల రద్దయింది. మా అవ్వలు వాడిండ్రంటే అక్కడ చెల్లలేదు, కాగితం కావాల్సి వచ్చింది.

మరి మామిడి అల్లం వైద్యానికి మన ఊళ్ల కాగితం ఉన్నదా?

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీల జీవవైవిధ్య కమిటీ ఉండాలె, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలె. బీరువాల పెట్టి తాళమేసేటందుకు కాదు. వచ్చే గ్రామసభల ఆ రిజిస్టరు చూపించమని మన సంఘపోళ్లు అడగాలె. ఎవరింట్ల విత్తనమున్నది, ఏ నొప్పికి ఎట్ల వాడుతరు, తండాల ఏమంటరు, అన్నీ రాయించాలె. చెప్పేది ముసలవ్వలు. వాళ్లున్నప్పుడే కూసొని రాసుకుందాం.