ఇంటితోటలో లార్క్‌స్పర్



ఈనాటి ప్రసంగంలో లార్క్‌స్పర్ అనే పూలమొక్కను ఇంటితోటలో పెంచే విధానాన్ని, దాని వెనుక ఉన్న వృక్షశాస్త్ర సూత్రాలను తెలుసుకుందాం. ఇందుకు జంషెడ్‌పూర్ పట్టణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. తాము కట్టబోయే ఉక్కు పట్టణంలో నీడనిచ్చే చెట్లకు, తోటలకు చాలినంత స్థలం వదలాలని జంషెడ్జీ టాటా 1902లోనే తన కుమారుడు దొరాబ్జీకి ఉత్తరం రాశారు. ఉక్కు కర్మాగారంలో పనికోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

లార్క్‌స్పర్ రాననుక్యులేసి కుటుంబానికి చెందిన ఏకవార్షిక మొక్క. పుట్టిల్లు మధ్యధరా సముద్ర ప్రాంతం. 1753లో లిన్నేయస్ దీనికి డెల్ఫీనియం అజాసిస్ అని పేరు పెట్టాడు. తరువాత దీన్ని కన్సోలిడా అనే వేరే ప్రజాతిలో చేర్చారు. డీఎన్‌ఏ పోలికల ఆధారంగా ఇటీవల మళ్లీ డెల్ఫీనియంలోకే తెచ్చారు. అందుచేత పుస్తకాల్లో మీకు రెండు పేర్లూ కనిపిస్తాయి.

ఇప్పుడు పువ్వును గమనించండి. రంగురంగుల రేకులుగా మనకు కనిపించేవి నిజానికి ఐదు రక్షక పత్రాలు. వాటిలో పైది వెనక్కి సాగి సన్నని గొట్టంలా ఉంటుంది. ఇది లార్క్, అంటే భరతపక్షి, కాలి వెనక గోరులా ఉంటుంది కనుకనే ఆ పేరు వచ్చింది. మకరందం ఆ గొట్టంలో ఉంటుంది. పొడవైన నాలుక ఉన్న కీటకాలు దాన్ని అందుకోగలవు. నీలిరంగుకు కారణమైన డెల్ఫినిడిన్ అనే వర్ణకానికి ఈ ప్రజాతి పేరే పెట్టారు. మన వంకాయ తొక్కకు ఊదారంగు ఇచ్చేది కూడా ఈ వర్ణకపు రూపమే!

ఇక సాగు విషయానికి వద్దాం. ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది అదను. నేల ఉష్ణోగ్రత 10 నుంచి 15 డిగ్రీల సెంటీగ్రేడ్ ఉంటే విత్తనాలు బాగా మొలుస్తాయి. నేల వేడిగా ఉంటే సుప్తావస్థలో ఉండిపోతాయి. జంషెడ్‌పూర్‌లో చలికాలం చిన్నది. తొందరపడి సెప్టెంబరులో చల్లితే మొలక రాదు. డిసెంబరు దాకా ఆగితే, పూతకు వచ్చే వేళకు ఎండలు ముదిరి పూలు త్వరగా రాలిపోతాయి. కాబట్టి అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు మధ్య వరకు విత్తడం మంచిది. ముందుగా విత్తనాలను తడిగుడ్డలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, రెండు వారాలు ఫ్రిజ్‌లో ఉంచితే మొలక మెరుగవుతుంది. డబ్బాపై 'విషం' అని స్పష్టంగా రాసి, ఆహార పదార్థాలకు దూరంగా ఉంచండి. కారణం కాసేపట్లో చెబుతాను.

బంతిలా దీని నారు పోసి నాటకూడదు. దీనికి తల్లివేరు లోతుగా దిగుతుంది. పీకి నాటితే ఆ వేరు దెబ్బతిని మొక్క కోలుకోదు. అందుకే మడిలోగాని, అడుగు లోతున్న కుండీలోగాని నేరుగా విత్తాలి. మొలకెత్తడానికి చీకటి కావాలి గనుక విత్తనాలపై అర సెంటీమీటరు మందాన మట్టి కప్పండి. రెండు మూడు వారాల్లో మొలకలు వస్తాయి. మొక్కకూ మొక్కకూ 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎడం ఉండేలా తక్కినవి తీసివేయండి.

జంషెడ్‌పూర్ పరిసరాల్లోని ఎర్రనేలలు చాలావరకు ఆమ్ల స్వభావం కలవి. లార్క్‌స్పర్‌కు తటస్థమైన లేదా కొద్దిగా క్షారగుణం గల నేల ఇష్టం. అందువల్ల మట్టిలో కొంచెం సున్నం, చివికిన పశువుల ఎరువు, ఇసుక కలపాలి. నత్రజని ఎక్కువైతే ఆకులు పెరిగి పూలు తగ్గుతాయి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. మొక్క మోకాలెత్తు దాటాక వెదురు పుల్ల ఊతమివ్వండి. విత్తిన మూడున్నర, నాలుగు నెలలకు పూలు వస్తాయి.

చివరగా ఒక హెచ్చరిక. ఈ మొక్క మొత్తం విషపూరితం. గింజల్లోను, లేతమొక్కల్లోను విషం ఎక్కువ. ఇందులోని ఆల్కలాయిడ్లు నాడుల నుంచి కండరాలకు సంకేతాలు అందకుండా అడ్డుకుంటాయి. దానితో కండరాలు సడలి, ఊపిరి ఆడడమే కష్టమవుతుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల పచ్చికబయళ్లలో ఈ ప్రజాతి మొక్కలు మేసి పశువులు చనిపోతుంటాయి. మన ఇళ్లలో మరో ప్రమాదం ఉంది. సన్నగా చీలిన దీని లేత ఆకులు చూపుకు కొత్తిమీరను పోలి ఉంటాయి. రెండూ ఒకే కాలంలో, నేరుగా విత్తే మొక్కలే. కనుక కూరమడికి, చిన్నపిల్లలకు, పశువులకు అందనంత దూరంలోనే దీన్ని వేయండి. పేరు రాసిన పలక పాతండి. ఇంట్లో వంట చేసేవారికి తప్పక చెప్పండి. మొక్కను ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. ఎవరైనా పొరపాటున తింటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మీరు చేయవలసిన ప్రయోగం: ఇరవై విత్తనాలను చల్లబరచి, మరో ఇరవై విత్తనాలను చల్లబరచకుండా, ఒకే రోజున వేరువేరు కుండీలలో విత్తండి. మూడు వారాలపాటు రోజూ మొలకలను లెక్కించి పట్టిక తయారుచేయండి. ఉష్ణోగ్రతకు, సుప్తావస్థకు గల సంబంధం మీ పట్టికలోనే కనిపిస్తుంది.