నీట మునిగిన కారు

పాత కారు కొనేవారు ఇంజన్ చప్పుడు విని, తిరిగిన కిలోమీటర్లు చూసి తృప్తి పడతారు. మన కృష్ణా-గోదావరి డెల్టాలో అంతకన్నా ముందు అడగాల్సింది నీళ్ల సంగతి. 2022 జులైలో గోదావరి లంక గ్రామాల్ని ముంచెత్తింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో వేలాది వాహనాలు నీట మునిగాయి. అలాంటి బండిని కడిగి, సీట్లు మార్చి, రంగు వేస్తే చక్కగా మెరుస్తుంది. వైరింగ్ కనెక్టర్లకు పట్టిన తుప్పు మాత్రం నెలల తరవాత బయటపడుతుంది. అందుకే సీటు బెల్టు చివరిదాకా లాగి, బురద మరకలున్నాయేమో చూడండి. స్టెప్నీ గుంటలో, కార్పెట్ కింద ఒండ్రు ఉందేమో వెతకండి.

మెకానిక్ చూశాడు కదా, అమ్మేది తెలిసినవాడే కదా అంటారు. కాస్త దూరం నడిపి చూస్తే దొరికే లోపం కాదిది. పైగా ఆ తెలిసినవాడికీ మొదటి యజమాని చెప్పి ఉండకపోవచ్చు. కాబట్టి పాత బీమా క్లెయిముల వివరాలు అమ్మేవారి చేతే కంపెనీ నుంచి తెప్పించాలి. కాగితాల విషయంలో మొహమాటం అసలే పనికిరాదు. ఆర్‌సీలో పేరు మారకపోతే ప్రమాద పరిహారం రిజిస్టరైన యజమాని మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అంటే అమ్మేవారికీ ఇది ముప్పే. ఫైనాన్స్ ఉంటే దాని రద్దుకు ఫారం 35, బదిలీకి 29, 30 ఫారాలు పూర్తయ్యేదాకా మొత్తం సొమ్ము చేతికివ్వకండి.