గట్టిగా కాదు, ఎదురుగా
చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లాంటి చోట్ల డ్రిల్లింగ్ మోతలో ఏళ్ల తరబడి ఉన్న చెవి ముందుగా పోగొట్టుకునేది 4,000 హెర్ట్జ్ దగ్గరి సన్నని శబ్దాలను. అందుకే అచ్చులు వినపడతాయి, హల్లులు జారిపోతాయి. ‘తల’ అన్నా ‘కల’ అన్నా ఒకేలా తోస్తుంది. మాట వినపడుతుంది, అర్థం కాదు. అరిస్తే సరిపోదా అంటారు. అరుపు ఎక్కువగా పెంచేది అచ్చులనే, పైగా పెదవుల తీరును చెదరగొడుతుంది. వినికిడి యంత్రం ఉందిగా అంటారు. నిజమే, తప్పక వాడాలి. కానీ అది మాటతోపాటు టీవీ రొదనూ పెంచుతుంది. పెదవులు చూసి పోల్చుకోవచ్చు, అయితే ప, బ, మ పెదవుల మీద ఒకటే.

కాబట్టి అలాంటి వారితో మాట్లాడే ముందు టీవీ కట్టేయండి. పేరుపెట్టి పిలిచి, మీ ముఖం మీద వెలుతురు పడేలా ఎదురుగా కూర్చుని, మామూలు గొంతుతో నిదానంగా చెప్పండి. అందకపోతే అదే విషయాన్ని వేరే మాటల్లో చెప్పండి. ‘ఏం లేదులే’ అని మాత్రం తుంచేయకండి. ఆ మాట పెదవుల మీద ఇట్టే తెలిసిపోతుంది.