అమెజాన్ చేపలు, నాగావళి నీళ్లు

దక్షిణ అమెరికా మంచినీళ్లలో ఇంతవరకు శాస్త్రజ్ఞులు పేరుపెట్టి వర్ణించిన చేపజాతులు 5,000కు పైగా ఉన్నాయి. వాటిలో మూడు రకాలు తెలుగునేల మీద స్థిరపడ్డాయి. ఒకటి తిండి కోసం, ఒకటి దోమల నివారణ కోసం వచ్చాయి. మూడోది అలంకారానికి వచ్చి అదుపు తప్పింది. వేగవతి, సువర్ణముఖి నీళ్లు చివరికి నాగావళిలో కలిసే బొబ్బిలి ప్రాంతంలో చెరువులూ గెడ్డలూ విడివిడిగా ఉండవు. వానాకాలం అలుగు పారితే పై చెరువులోని చేప కింది చెరువుకు చేరుతుంది. అందుకే ఈ మూడింటి జీవశాస్త్రం ఇక్కడివారు తెలుసుకోవలసిన విషయం.

సంతల్లో రూప్‌చంద్ అని అమ్మే చేప శాస్త్రనామం పియారాక్టస్ బ్రాకిపోమస్. 1818లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే దీన్ని వర్ణించాడు. పలకలాంటి ఒంటిని చూసి చాలామంది సముద్రపు చందువాకు బంధువు అనుకుంటారు. నిజానికి దీని దగ్గరి చుట్టం పిరానా. నోరు తెరిచి చూస్తే రెండింటి తేడా తెలిసిపోతుంది. పిరానా పైదవడలో కత్తుల్లాంటి పళ్లు ఒకే వరస. రూప్‌చంద్‌కు అక్కడ రెండు వరసలు, అవీ నమలడానికి పనికొచ్చే మొద్దు పళ్లు. అమెజాన్ నడిమి ప్రాంతంలో ఏటా వరదకు నీటిమట్టం పది మీటర్ల వరకు లేస్తుంది. అప్పుడు ఈ చేప మునిగిన అడవిలో చెట్ల మధ్య తిరుగుతూ, రాలిన పళ్లనూ గింజలనూ కొరికి తింటుంది. నలగకుండా కడుపులోకి పోయిన గింజలు దూరాన పడి మొలుస్తాయి. అడవిని నాటే చేపలున్నాయన్నది జీవశాస్త్రంలో ఎంతో అందమైన విషయాల్లో ఒకటి.

దీని ఓర్పుకు మూలం కూడా ఆ వరదనీళ్లలోనే ఉంది. ఆకులు కుళ్లిన నీటిలో ప్రాణవాయువు తగ్గితే కొద్ది గంటల్లోనే దీని కింది పెదవి ఉబ్బి ముందుకు సాగుతుంది. చేప నీటి పైపొరలో ఈదుతూ, అక్కడ కాస్త ఎక్కువగా ఉండే ప్రాణవాయువును ఆ పెదవి సాయంతో మొప్పలకు అందిస్తుంది. నీరు బాగుపడగానే పెదవి మామూలు స్థితికి వస్తుంది. తెల్లవారుజామున చెరువులో రూప్‌చంద్ పెదవులు ఉబ్బి పైకి తేలితే గాలి చాలడం లేదని రైతు గ్రహించాలి.

వరదకాలంలో ఏటి ఎగువకు వలసపోయి గుడ్లు పెట్టే జాతి కాబట్టి నిలవనీటి చెరువులో ఇది తనంతట తాను గుడ్లు విడవదు. హేచరీలో హార్మోను ఇంజెక్షను ఇవ్వాల్సిందే. ఏ చేపను దేనితో జతకట్టించాలో అక్కడ మనిషే నిర్ణయిస్తాడు కనుక జన్యుశాస్త్రం అవసరం ఇక్కడే మొదలవుతుంది. రూప్‌చంద్ కణంలో 54 క్రోమోజోములు ఉంటాయి. బొచ్చెకు, శీలావతికి 50, ఎర్రపొట్ట పిరానాకు 60. తంబాకీ అనే మరో అమెజాన్ చేపకూ 54 ఉండటంతో బ్రెజిల్ హేచరీల్లో ఈ రెండింటినీ సంకరం చేస్తారు. ఆ సంకరాలు గొడ్డువి కావు. నదిలోకి తప్పించుకుంటే అసలు జాతులతో కలిసి వాటి వంశాన్ని కలగాపులగం చేయగలవు. ఇక ఒకే జాతి అనుకున్న అమెజాన్, ఒరినోకో నదుల చేపలు వేరువేరని 2019లో తేలింది. ఒరినోకో చేపకు పియారాక్టస్ ఒరినోక్వెన్సిస్ అని కొత్త పేరు పెట్టారు.

భారతదేశానికి ఈ చేప 2003-04 ప్రాంతంలో బంగ్లాదేశ్ మీదుగా పశ్చిమ బెంగాల్‌కు వచ్చి, అక్కణ్ణుంచి ఆంధ్ర చెరువులకు పాకింది. కొద్ది తల్లిచేపల నుంచే తరాల తరబడి పిల్లను తీస్తే దగ్గరి రక్తం కలిసి ఎదుగుదల మందగిస్తుంది, రోగాలను తట్టుకునే శక్తి తగ్గుతుంది. ప్రతి హేచరీ తల్లిచేపల పుట్టుపూర్వోత్తరాలను రాసిపెట్టుకోవడం ఖర్చుతో కూడిన పని కాదు. చేయకపోతే నష్టం మాత్రం రైతుది.

గప్పీ కథ చిన్నది. వెనిజులా, ట్రినిడాడ్ ప్రాంతాలకు చెందిన ఈ చిట్టి చేపను మలేరియా నివారణకు బావుల్లో, కాలవల్లో వదులుతారు. మగచేప రంగుమచ్చల్లో కొన్ని వై క్రోమోజోము ద్వారా తండ్రి నుంచి కొడుక్కే వస్తాయని 1920ల్లో డెన్మార్కులో తేల్చారు. ఆడచేప వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలదు కనుక చూలు చేప ఒక్కటి చాలు, చెరువు నిండడానికి.

మూడోది జాలర్లు దెయ్యం చేప అనే సక్కర్ చేప, టెరిగోప్లిక్తిస్. అక్వేరియంలో అద్దాల పాచి తింటుందని కొని, పెరిగి పెద్దదయ్యాక చెరువులో వదిలేసిన చేప ఇది. ఒళ్లంతా ఎముక పలకలు. దాని ముళ్లకు చిక్కి వల చిరుగుతుంది. గాలి మింగి కడుపుతోనే శ్వాసించగలదు, అందుకే నీటి బయటా చాలాసేపు బతుకుతుంది. మగచేప గట్టులో బొరియ తవ్వి గుడ్లకు కాపలా కాస్తుంది. మట్టి గట్లు ఆధారంగా నిలిచిన చెరువులున్న చోట ఈ అలవాటు ప్రమాదకరం. పొట్ట మీది మచ్చలను బట్టి జాతులను వేరుచేద్దామంటే వేర్వేరు జాతుల మచ్చలు కలగలిసిన చేపలే ఎక్కువగా దొరుకుతున్నాయి. ఇవి సంకరాలని అనుమానం. కంటికి చిక్కని ఈ చేపను పట్టుకోవడానికి హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నీటి నమూనాను వడకట్టి, అందులో చేప విడిచిన డీఎన్‌ఏను గుర్తించే పరీక్షను రూపొందించారు. తూర్పు కనుమల్లో వారు పరీక్షించిన జలాశయాల్లో సగానికి పైగా దీని జాడ కనిపించింది. వలకు ఒక్క చేప కూడా పడకముందే ఆ నీటిలో అది ఉందో లేదో ఇప్పుడు చెప్పవచ్చు.