కులాహంకారికి తెరమీద నిష్కృతి గలదా?



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, సంఘనిధిని గూర్చియు పెద్దలు ప్రసంగించిన వెనుక నన్ను సినిమాలను గూర్చి మాటలాడుమనుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని నేనెత్తుకొన్న ప్రశ్న కులము పేర గూడిన సభలోనే యడుగదగినది. తోడిమానవుని పుట్టుకనుబట్టి హీనునిగా జూచిన పాత్రను కథాంతమున మంచివానిగా మార్చి, మనచేత చప్పట్లు కొట్టించుట న్యాయమా?

అమెరికాలో నీ వివాదము 2017లో వచ్చిన ‘త్రీ బిల్‌బోర్డ్స్ అవుట్‌సైడ్ ఎబ్బింగ్, మిస్సౌరీ’ అను చిత్రమువలన గట్టిగా చెలరేగెను. అందు డిక్సన్ అను పోలీసు, నిర్బంధములోనున్న నల్లజాతివానిని హింసించినవాడని పేరు మోసినవాడు. తరువాత నతడు మంటలలో జిక్కి, ఒడలు కాలుచున్నను ఒక యువతి హత్యకేసు కాగితములను గాపాడి ప్రేక్షకుల జాలికి పాత్రుడగును. హింస ననుభవించినవాడు మాత్ర మొక్కమారైనను తెరపైకి రాడు.

ఈ నిప్పు మనకు క్రొత్తది కాదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు ‘మాలపిల్ల’ను దీసిరి. కథ చలముగారిది, సంభాషణలు తాపీ ధర్మారావుగారివి. అందు సుందరరామశాస్త్రి హరిజనులను గుడిలో నడుగిడనీయడు. ఆయన కుమారుడు నాగరాజు హరిజన కన్యయగు సంపలతను ప్రేమించును. ఏ వాదమునకును గరగని శాస్త్రి, అగ్నిప్రమాదమున జిక్కిన తన భార్యను ఒక హరిజనుడు రక్షింపగా గరగిపోవును. గుడి తలుపులు తెఱచుకొనును. పెండ్లికి దీవెన లభించును. తిరువాన్కూరు ఆలయప్రవేశ ప్రకటన 1936లోనిది. మద్రాసు చట్టము 1939లోనిది. ఆ నడుమ నింతమాత్రము చెప్పుటయే గొప్ప సాహసము. దానిని నేను తక్కువ చేయను. అయినను నాకొక సందేహము. ఆనాడు ఇంటికి నిప్పంటుకొనకున్న నేమగును? హరిజనుడు ప్రాణమునకు దెగించి మంటలో దూకినగాని మనుష్యులలో లెక్కకు రాడా? అట్టి మార్పును నేను ఋణము దీర్చుకొనుట యందును, పశ్చాత్తాపమని యనజాలను.

1981లో కె. విశ్వనాథ్‌గారు తీసిన ‘సప్తపది’ యీ విషయమున నొక మెట్టు పైకెక్కినది. జె.వి. సోమయాజులుగారు ధరించిన యాజులు ఎవరికిని ఋణపడలేదు. మనుమరాలు హేమ మనసు హరిజనుడగు హరిబాబునందున్నదని తెలిసి, తన నిష్ఠతో దానే పెనుగులాడి, పెండ్లియైన యా పిల్లను అతనితో పంపివేయును. తనకు ప్రియమైనదానిని వదలుకొనుటచేత నాయన మార్పు నమ్మదగినదైనది. కాని యిందును కథ పెద్దాయనదే. హరిబాబు తల్లిదండ్రు లేమనుకొనిరో, వారి వాడ యేమనుకొనెనో మనకు దెలియదు.

ఇక మన పల్నాటి మాట. 1938లో శాస్త్రియై గుడి తలుపులు మూసిన గోవిందరాజుల సుబ్బారావుగారే 1947 నాటి ‘పల్నాటి యుద్ధము’లో బ్రహ్మనాయుడై నిలిచిరి. పాత్రకు లభించినదానికంటె నటునికి లభించిన నిష్కృతియే ఘనమైనదని నాకు నవ్వు వచ్చును. బ్రహ్మనాయుడు మాచెర్ల చెన్నకేశవుని సన్నిధికి పంచములను రప్పించెననియు, కన్నమదాసును సేనానిగా జేసెననియు, అన్ని కులములవారిని ఒక్క చాపపై గూర్చుండబెట్టి భుజింపజేసెననియు మనవారు తరతరములుగా జెప్పుకొనుచున్నారు. ఆ కథలో చాప ముందు పఱచిరి. అహంకారుల మనసు కరగువఱకు అన్నము చల్లారనీయలేదు. కారెంపూడి వీరుల తిరునాళ్లలో చాపకూడు నేటికిని జరుగుచున్నది. ఆనాడు పంక్తిలో గూర్చుండి భుజించిన మనమే, మఱునాడు ఇంటికి వచ్చిన పాలేరుకు వేఱు గ్లాసు వెదకినచో ఆ చాప మనలను జూచి సిగ్గుపడదా?

సినిమాలో పశ్చాత్తాపమునకు అరగంట చాలును. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనమండుగురు దళితులు హతులైరి. విచారణ న్యాయస్థానము తీర్పు 2007లో వచ్చినది. అందు శిక్షపడినవారిని 2014లో హైకోర్టు నిర్దోషులని విడిచిపెట్టినది. ఆ కుటుంబములవారు తెరమీద కులాహంకారి కన్నీరు జూచి చప్పట్లు కొట్టవలెనని మన మెట్లు కోరగలము?

అట్లని నిష్కృతియే కూడదందునా? అనను. మారుటకు దారి లేదని చెప్పిన చిత్రమును జూచి, అహంకారి తన పాత నడతకే తిరిగిపోవును. దారి చూపుడు, కాని దాని కూలి యెంతయో కూడ జూపుడు. క్షమించుటయు, క్షమింపకుండుటయు బాధపడినవాని చేతిలోని పని. దానిని దర్శకుడు లాగికొనరాదు.

నరసరావుపేటలోను, మాచెర్లలోను, గురజాలలోను మన యువకులు సెల్‌ఫోనులతో చిన్నచిత్రములు తీయుచున్నారు. వారికి నా విన్నపమిది. పెద్దాయన కంటనీరు పెట్టుకొనగానే చిత్రమును ముగింపకుడు. మఱునాటి యుదయము ఆయన ఎవరి గడప కేగెనో, బావికడ నెవరికి చోటిచ్చెనో, లోపలినుండి తలుపు తెఱచినవారు ఆయనను రమ్మనిరో, పొమ్మనిరో అదియు దీయుడు. అట్టి చిత్ర మొకదానికి, వచ్చు మహాసభలోపల, ఈ సభను పోషించుచున్న దాతలు వ్యయము భరింపవలెనని ప్రార్థించుచున్నాను.