శూన్యాన్ని కాపాడే ఉద్యోగం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సైన్సు చదివినవాణ్ణి కాను, ఫైళ్ళు చదివినవాణ్ణి. అయినా మన ముంగిట జరుగుతున్న ఒక పని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

అశ్వాపురం దగ్గరి మణుగూరు భారజల కర్మాగారం మనందరికీ తెలిసిందే. 1991లో ప్రారంభమైనప్పుడు అది ఖమ్మం జిల్లా. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. అక్కడ భారజలంతోపాటు ఆక్సిజన్-18 అనే బరువైన ఆక్సిజన్ గల నీటిని కూడా వేరుచేస్తున్నారు. మనం తాగే నీటిలో వెయ్యి ఆక్సిజన్ పరమాణువులకు ఇటువంటివి సుమారు రెండే. వేరుచేసేందుకు పొడవైన గోపురాల్లో గాలిని తోడివేసి నీటిని మరిగిస్తారు. ఒత్తిడి తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. ప్రెషర్ కుక్కర్‌కు ఇది తిరగబడిన లెక్క. తక్కువ వేడిలో తేలిక నీటికీ బరువు నీటికీ గల తేడా కాస్త ఎక్కువగా తెలుస్తుంది.

ఈ నీరు ఎందుకంటారా? సైక్లోట్రాన్ అనే యంత్రంలో ప్రోటాన్లను మహావేగంగా తిప్పి ఇటువంటి నీటిని తాకిస్తే ఫ్లోరిన్-18 పుడుతుంది. దాన్ని చక్కెర వంటి పదార్థానికి జోడించి, పెట్ స్కాన్‌కు ముందు రోగికి ఇంజెక్షనుగా ఇస్తారు. క్యాన్సర్ కణాల్లో చాలావరకు చక్కెరను ఎక్కువగా పీల్చుకుంటాయి గనుక జబ్బు ఎక్కడున్నదీ బయటపడుతుంది.

సైక్లోట్రాన్ లోపల కూడా శూన్యమే కావాలి. గాలి మిగిలితే ప్రోటాన్ పరుగు శ్రీరామనవమి జనంలో పరుగెత్తినట్లే. అందుకే ఒక పంపు తరువాత మరొక పంపు పెట్టి గాలిని తోడుతూనే ఉంటారు. లోపల వేలిముద్ర పడినా అందులోని జిడ్డు ఆవిరై శూన్యాన్ని చెడగొడుతుంది. చిల్లు అనుమానం వస్తే బయట హీలియం వాయువు చల్లి, అది లోపలికి చేరిందేమో పరికరంతో కనిపెడతారు.

కోల్‌కతాలో ఉన్నటువంటి అతివాహక సైక్లోట్రాన్లలో ఈ బాధ్యత రెట్టింపు. అయస్కాంతపు తీగచుట్టలను ద్రవ హీలియంతో సున్నాకు 269 డిగ్రీల దిగువన ఉంచాలి. బయటి వేడి తగలకుండా థర్మాస్ ఫ్లాస్కులో మాదిరి చుట్టూ శూన్యం ఉంటుంది. జెనీవా దగ్గరి సెర్న్ సంస్థలో 2008 సెప్టెంబరు 19న ఒక విద్యుత్ అతుకు చెడి, సుమారు 6 టన్నుల హీలియం బయటికి వచ్చేసింది. యంత్రం మళ్ళీ నడవడానికి ఏడాదికి పైగా పట్టింది.

కాబట్టి శూన్యమంటే ఊరికే ఏర్పడేది కాదు. రేయింబవళ్ళు గేజీలు చూస్తూ ఎవరో ఒకరు చేసే డ్యూటీ అది.

చివరగా మన వయసువారికి పనికివచ్చే మాట. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది, దాచిపెట్టేందుకు వీలులేదు. భద్రాచలం నుంచి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. పెట్ స్కాన్‌కు వెళ్ళేవారు ముందురోజే చేరుకోండి. ఎన్ని గంటలు పరగడుపున ఉండాలో, షుగరు మందులు ఎలా వేసుకోవాలో ముందే అడిగి తెలుసుకోండి. మనం ఆలస్యం చేస్తే ఇంతమంది శ్రమతో తయారైన మందు మనకోసం ఆగదు.